ఇంటర్ పాసైతే చాలదా? హాస్టల్ గది నుంచి మేం నలుగురం రాస్తున్నది

పోస్టు పెద్దదైంది. ఆకు కల్లం పనులయ్యాక రాత్రి తీరిగ్గా చదవండి. టెన్త్ అయిన పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు చదివి వినిపించండి.

మేం నలుగురం హన్మకొండలో గిరిజన కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉంటాం. ఇద్దరిది చర్ల వైపు, ఒకరిది దుమ్ముగూడెం, ఒకరిది ఎటపాక పక్కన. అందరం కోయ పిల్లలమే. నాలుగిళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. టైపు చేసేది ఒకరు, చెప్పేది నలుగురు, అందుకే మేం అని రాస్తున్నాం. పేర్లు రాయొద్దనుకున్నాం. ఏది ఎవరికి జరిగిందో మన ఊళ్లవాళ్లకు ఎట్టాగూ తెలుసు. వయసు అందరికీ ఇరవై. అది మెమో ప్రకారం. మాలో ఇద్దరి పుట్టినరోజు జూన్‌లోనే ఉంది, ఎందుకంటే బడిలో చేర్చుకున్న సారు అదే రాసుకున్నాడు. ఇంట్లో అడిగితే "ఇప్పపువ్వు రాలేటప్పుడు పుట్టావురా" అంటారు. ఆ లెక్కన మార్చి నెల.

టెన్త్ రిజల్ట్ వచ్చిన కాడి నుంచి ఫోన్లు ఆగట్లేదు. "అన్నా, ఏ గ్రూప్ తీసుకోవాలి?" అని పిల్లలు, "బాబూ, ఏ కాలేజీ అయితే బాగుంటది?" అని పెద్దోళ్లు. రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదిది. ఫోన్‌లో సగం మాట అయ్యేసరికి సిగ్నల్ పోతది. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మన దగ్గర ఒక మాట ఉంది, "పాసైతే చాలు." ఇంట్లో ఎవరూ చదవని పిల్లలకు ఆ మాట ఎంత ధైర్యమిస్తదో మాకు తెలుసు. టెన్త్‌కు అది సరిపోయింది కూడా. ఇంటర్ దగ్గరికొచ్చేసరికి ఆ మాటే మనల్ని ముంచుతోంది. పాస్ వేరు, క్వాలిఫై వేరు, అర్హత వేరు, సీటు వేరు. ఈ నాలుగింటినీ మన ఊళ్లలో ఒకే మాటగా వాడతారు. మేమూ అట్టాగే విన్నాం, అట్టాగే పెరిగాం.

లెక్క చెప్తే తొందరగా అర్థమైతది. మేం చదివినప్పుడు ఎంపీసీకి రెండేళ్లకూ కలిపి 1000 మార్కులు, మొదటి ఏడు 470, రెండో ఏడు 530. అందులో ఇంగ్లిష్, తెలుగు తీసేస్తే గ్రూప్ సబ్జెక్టులకు మిగిలేవి 600. లెక్కలు 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150. ప్రతి పేపర్లోనూ 35 శాతం వస్తే పాస్. అంటే అన్ని పేపర్లలో సరిగ్గా పాస్ మార్కులే వచ్చినోడికి ఆ 600లో దాదాపు 210 ఉంటాయి. ఇంజినీరింగ్ సీటు కావాలంటే ఎప్‌సెట్ ర్యాంకుతో పాటు గ్రూప్ సబ్జెక్టుల్లో ఇంత శాతం ఉండాలని ఒక నిబంధన ఉంది. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40, లేనివాళ్లకు 45. 600లో 40 శాతం అంటే 240. పాసైనోడికి 210, కావాల్సింది 240. మధ్యలో ముప్ఫై మార్కుల వాగు. వానాకాలం మన చెట్టువాగు లాగా, ఒడ్డున నిలబడేదాకా ఎంత లోతుందో తెలవదు.

ఇందులో ఇంకో మెలిక. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, 160 మార్కులు. మిగతావాళ్లకు ర్యాంకు రావాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల షరతు లేదు. రాసినోళ్లందరికీ ర్యాంకు వస్తది. మంచిదే. కానీ ర్యాంకు కార్డు చేతికి రాగానే సీటు వచ్చినట్టే అనుకుంటాం. మాలో ఒకడు ర్యాంకు కార్డు లామినేషన్ చేయించుకొని మరీ సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లాడు. అక్కడ మెమో చూసి, కాలిక్యులేటర్ కొట్టి, "గ్రూప్‌లో 40 శాతం లేదు బాబూ" అన్నారు. రెండేళ్లు చదివిన కాలేజీలో ఒక్కరంటే ఒక్కరు ఆ 240 సంగతి చెప్పలా. నోటీసు బోర్డు మీద ఉండేది పాస్ పర్సంటేజీ ఒక్కటే. కాలేజీకి అదే ముఖ్యం, ఎందుకంటే పైనుంచి వాళ్లను అడిగేది అదే. ఆ రోజు భద్రాచలం బస్సెక్కే ముందు వాడు వాళ్ల నాయనకు ఫోన్ చేసి సర్వర్ డౌన్ అని చెప్పాడు. నిజం ఇంట్లో చెప్పడానికి పది రోజులు పట్టింది.

ఇంకొకరిది ఇంకో రకం. మంచి ర్యాంకులు వచ్చే గురుకులంలో చదివాడు, పొద్దున ఐదింటికి లేచి జేఈఈ మెటీరియల్ పట్టాడు. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి ఎస్టీ కటాఫ్ 46.69 పర్సంటైల్, జనరల్‌ది 93.23. వీడు ఆ ఎస్టీ గీత దాటాడు. ఇంటర్లో 1000కి 612 వచ్చాయి. 600 దాటితే బీ గ్రేడ్, ఊళ్లో అందరికీ సంతోషమే. కానీ ఐఐటీ, ఎన్ఐటీ సీటుకు ఇంటర్లో 75 శాతం కావాలి, ఎస్సీ ఎస్టీలకు 65. అది లేకపోతే తన బోర్డులో పైనున్న 20 పర్సంటైల్ లోపల ఉండాలి. వీడి ఐదు సబ్జెక్టుల లెక్క ఎటు తిప్పి చూసినా 65 రాలా. లెక్కలు, ఫిజిక్స్ బాగానే ఉన్నాయి. పోయింది ఇంగ్లిష్‌లో. రెండేళ్లూ ఇంగ్లిష్ పీరియడ్‌లో కూడా ఫిజిక్స్ లెక్కలే చేయించారు. సప్లిమెంటరీ అప్పుడు ఇంప్రూవ్‌మెంట్ రాసి మార్కులు పెంచుకునే దారి ఉంటదని ఫీజు తేదీ దాటాక తెలిసింది. తెలిసేది ఎట్టా? అది తెలిసినోళ్లు మన ఇళ్లలో ఎవరున్నారు? పట్నం పిల్లోడికి ఇట్లాంటివి అన్నం తినేటప్పుడు వాళ్ల నాన్న చెప్తాడు. మన నాయన అప్పుడు తునికాకు కట్టలు లెక్క పెట్టుకుంటుంటాడు. ఆయనదీ తప్పు కాదు, ఆ ఆకు డబ్బులతోనే మా అప్లికేషన్ ఫీజులు కట్టింది.

క్యాలెండర్ సంగతి కూడా ఎవరూ మాట్లాడరు. ఇంటర్ పరీక్షలు మార్చిలో, అప్పుడే ఇప్పపువ్వు. రిజల్ట్, సప్లిమెంటరీ, ఎప్‌సెట్, నీట్ అన్నీ ఏప్రిల్, మే నెలల చుట్టూ, అప్పుడే తునికాకు. దోస్త్ తేదీలూ దానికి ఆనుకునే వస్తాయి. ఇంటిల్లిపాదీ అడవిలో ఉండే రోజుల్లోనే మన ఓటీపీలు వస్తాయి. నవ్వులాట కాదు, దోస్త్ రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో లింకైన ఫోన్ నెంబర్ కావాలి. మాలో ఒకడి ఆధార్‌కు ఉన్న నెంబర్ వాళ్ల బాబాయిది. ఆయన ఆకుకి పోయి, సిగ్నల్ లేని చోట రెండు రోజులు ఉండిపోయాడు. ఫీజు 200 చేతిలో పెట్టుకొని మీసేవ ముందు కూర్చున్నాం, ఓటీపీ కోసం.

మాలో బైపీసీ చదివినోడు నీట్ రాశాడు. నీట్‌లో 720 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు పోతది. క్వాలిఫై కావడానికి జనరల్‌కు 50 పర్సంటైల్, మనకు 40. వీడు క్వాలిఫై అయ్యాడు. ఊళ్లో స్వీట్లు పంచారు, ఎవరో ఫ్లెక్సీ కూడా వేయిస్తామన్నారు. క్వాలిఫై అంటే కౌన్సెలింగ్ లైన్లో నిలబడే అర్హత మాత్రమే. సీటు ఆ లైన్లో ఎంత ముందున్నావో దాన్ని బట్టి. సీటు రాలా. "డాక్టర్ ఎప్పుడైతున్నావ్?" అని ఇప్పటికీ సంతలో అడుగుతుంటే వాడు దుమ్ముగూడెం సంతకు పోవడమే మానేశాడు. ఇప్పుడు డిగ్రీ చేస్తున్నాడు, బాగానే చదువుతున్నాడు. అడిగేవాళ్లకు మా మనవి ఒక్కటే, ఆ ప్రశ్న ఆపండి.

ఇక గ్రూప్ సంగతి. అందరూ అడిగేది అదే గనక మా నలుగురికీ ఒప్పుదలైన మాట చెప్తాం. "ఏ గ్రూపైనా ఒకటే, చివరికి డిగ్రీ డిగ్రీనే" అనే పెద్దోళ్ల మాటతో మేం ఏకీభవించం. ఎంపీసీ చదివినోడు తర్వాత బీఏకు పోవచ్చు, బీకాంకు పోవచ్చు. హెచ్ఈసీ చదివినోడు ఇంజినీరింగ్‌కు పోలేడు. లెక్కలు లేని బైపీసీకి కూడా ఆ దారి దాదాపు లేదు, అయితే ఫార్మసీ, అగ్రికల్చర్, నర్సింగ్ వైపు ఉంటది. పదిహేనేళ్ల వయసులో, జూన్ నెలలో, ఒక ఫారం మీద పెట్టే టిక్కు ఇది. దగ్గర్లోని కాలేజీలో ఏ సీట్లు మిగిలాయో, ఏ సారు ఉన్నాడో దాన్ని బట్టి పెట్టే టిక్కు కాదు. మన పిల్లల్ని హెచ్ఈసీ, సీఈసీలో వేసేది చాలాసార్లు వాళ్లకు చరిత్ర ఇష్టమని కాదు, సైన్స్ చెప్పేవాళ్లు లేక.

అట్టాగని హెచ్ఈసీని తక్కువ చేసి మాట్లాడితే మేం ఒప్పుకోం. మా గదిలో హెచ్ఈసీ చదివినోడే అందరికంటే స్పష్టంగా ఉన్నాడు. వాడి చూపు లా మీద. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లాకు లాసెట్ రాయాలి. ఏ గ్రూపైనా పర్వాలేదు, ఇంటర్లో జనరల్‌కు 45 శాతం, బీసీలకు 42, మనకు 40. ఆ ఏడు డబ్బుల్లేక రాయలేకపోయాడు, ఇప్పుడు డిగ్రీ అయ్యాక మూడేళ్ల లాకు పోతానంటున్నాడు. రాత్రిపూట 1/70 చట్టం, పెసా, 2006 అటవీ హక్కుల చట్టం మీద మాకు క్లాసు పీకుతాడు, నిద్రపోనివ్వడు. మన భూముల కేసుల్లో మన భాష తెలిసిన వకీలు ఎంతమంది ఉన్నారో ఎవరికి వాళ్లు లెక్కేసుకోండి. ఇష్టపడి తీసుకుంటే ఏ గ్రూపైనా దారే. వేరే దిక్కులేక తీసుకోవడం వేరు.

పంతులు ఉద్యోగం మన ఇళ్లలో పెద్ద కల. డీఈడీ చేయాలంటే డీఈఈసెట్‌కు ఇంటర్లో 50 శాతం, ఎస్సీ ఎస్టీలకు 45. ఇక్కడ కూడా వట్టి పాస్ పనికిరాదు. ఏజెన్సీ బడుల్లో పంతులు పోస్టులన్నీ మనకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసినాక చాలామంది ఆ వైపు చూడటం తగ్గించారు. మా అక్కల తరంలో ఉన్న నమ్మకం మాకు లేదు. ఇది వేరే పోస్టు రాయాల్సిన సంగతి, ఇక్కడ ఆపుతాం.

మార్కుల తర్వాత కాగితాలు. నిజం చెప్పాలంటే మార్కుల కంటే మమ్మల్ని ఎక్కువ తిప్పింది ఇవే. ఆధార్‌లో మడివి, టెన్త్ మెమోలో మడవి. మనకు ఒకే ఇంటిపేరు, కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. ఇంటర్, డిగ్రీ మెమోలన్నీ టెన్త్ మెమోను చూసే పేరు రాస్తాయి గనక ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం మార్పించుకోవడం తేలిక. ఆ పని టెన్త్ అయిన వెంటనే, ఈ సెలవుల్లోనే చేయించండి. ఎస్టీ సర్టిఫికెట్‌కు ఓబీసీ వాళ్ల దానిలాగా ఏడాదికోసారి కొత్తది అక్కర్లేదు. కానీ జేఈఈ, నీట్, సీయూఈటీ లాంటి వాటికి కేంద్రం ఫార్మాట్‌లో ఉన్నది అడుగుతారు, మీసేవలో మామూలుగా వచ్చేది వేరే ఫార్మాట్. రెండూ ఒకేసారి తీసుకొని పెట్టుకోండి. ఆదాయం సర్టిఫికెట్ మాత్రం పాతది పనికిరాదు, స్కాలర్‌షిప్ అప్లికేషన్ అప్పుడు కొత్తది కావాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడు ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు కావాలి, లోకల్ అవునా కాదా తేల్చేది వాటితోనే. మన పిల్లలు ఒక ఆశ్రమ పాఠశాలలో ఏడు దాకా, ఇంకోచోట టెన్త్ దాకా, మరో గురుకులంలో ఇంటర్. మూడు చోట్లా తిరగాలి. వేసవిలో హెడ్మాస్టర్లు ఉండరు, కాబట్టి బడులు మూసేలోపే తీసుకుంటే ఆ బస్సు ఛార్జీలు మిగులుతాయి.

ఎటపాక పక్క నుంచి వచ్చిన మా వాడిది ఇందులో వేరే కథ. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం టౌను తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న ఎటపాక, చింతూరు, కూనవరం, వీఆర్ పురం అన్నీ ఆంధ్రాలోకి పోయాయి. వాడు ఇంటి నుంచి సైకిల్ మీద భద్రాచలం బడికి పోయేవాడు. అంటే రోజూ పొద్దున రాష్ట్రం దాటి, సాయంత్రం మళ్లీ దాటేవాడు. చదువు సర్టిఫికెట్లన్నీ తెలంగాణవి, కులం సర్టిఫికెట్ ఆంధ్రాది. సీటు కోసం పోయినచోట ఒక టేబుల్ దగ్గర "నువ్వు మా లోకలే" అన్నారు, పక్క టేబుల్ దగ్గర "ఈ కాగితం మా రాష్ట్రానిది కాదు" అన్నారు. మూడు వారాలు రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య తిరిగాడు. ఆ మండలాల పిల్లలు, అమ్మానాన్నలు ఇది గట్టిగా పట్టించుకోండి. పిల్లల్ని ఆరో తరగతిలో ఎటువైపు బడిలో వేస్తున్నారో, రేపు ఏ రాష్ట్రంలో సీటు అడగబోతున్నారో ముందే ఆలోచించాలి. ఆరో తరగతికే ఇంత ఆలోచించాలా అంటే, అవును, ఆలోచించాల్సి వస్తోంది. ఇది మనం పెట్టుకున్న సరిహద్దు కాదు గానీ మోసేది మనమే.

ఇంకొక దారి గురించి మన ఊళ్లలో అసలు మాటే వినబడదు. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్లకు సీయూఈటీ అనే పరీక్ష ఉంది. తెలుగులో కూడా రాయొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, విజయనగరం వైపు ఉన్న కేంద్రీయ గిరిజన యూనివర్సిటీ, మన ములుగులో వచ్చిన సమ్మక్క సారక్క యూనివర్సిటీ. ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లు ఉంటాయి. అన్ని గ్రూపులవాళ్లకూ ఏదో ఒక కోర్సు ఉంటది. కాకపోతే ఏ కోర్సుకు ఏ సబ్జెక్టు పరీక్ష రాయాలో అప్లికేషన్ అప్పుడే చూసుకొని టిక్కు పెట్టాలి. ఇంటర్ పరీక్షల ముందే అప్లికేషన్ పెట్టాలి గనక, "రిజల్ట్ వచ్చాక చూద్దాం" అనుకుంటే అప్పటికి తలుపు మూసుకుంటది. ములుగు మన కళ్లముందు ఉంది. మేడారం జాతరకు పోయే దారిలోనే ఉంది. అయినా మా నలుగురిలో ఒక్కరికీ అక్కడ చేరడానికి ఏ పరీక్ష రాయాలో ఆ రోజు తెలవదు. మంత్రులు వచ్చి మాట్లాడిన వీడియోలు మాత్రం అందరి ఫోన్లలో ఉన్నాయి.

సీటు వచ్చాక ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాం. కన్వీనర్ కోటా సీటైతే ఎస్టీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటది, మేనేజ్‌మెంట్ కోటాకు ఉండదు. "సీటు మేమిప్పిస్తాం, మీరొక సంతకం పెట్టండి చాలు" అని హాస్టళ్ల చుట్టూ తిరిగే ఏజెంట్లకు ఒరిజినల్ మెమో ఇవ్వొద్దు. రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి రాలేదని కాలేజీలు మన టీసీ, మెమోలు పట్టుకొని కూర్చోవడం చూస్తున్నాం. పిల్లల ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం చూపించి మాలో ఒకడు తన మెమో వెనక్కి తెచ్చుకున్నాడు. గొడవ పడలా, ప్రింట్ తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టి నిలబడ్డాడు, రెండు గంటలు. ఇచ్చారు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా ఊరి చెల్లి ఒకతి. టెన్త్‌లో లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుంది. ఊరి దగ్గర కాలేజీలో హెచ్ఈసీ సీటు ఉంది, పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావొచ్చు. ఎంపీసీ కావాలంటే భద్రాచలంలో హాస్టల్‌లో ఉండాలి. వాళ్ల అమ్మకు పంపాలనే ఉంది. నాయన మాత్రం "ఆడపిల్ల, దగ్గర్లోనే చదువుకోనీ, పాసైతే చాలు" అంటున్నాడు. ఆమె వాళ్లకు ఎదురు చెప్పట్లేదు, మాకు మాత్రం మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి ఒకటే అడిగింది, "అన్నా, ఎంపీసీ తీసుకొని పాస్ మార్కులే వస్తే ఏం చేయాలి?" ఆ 240 లెక్క చెప్పాం. రెండేళ్లు టైమ్ ఉంది, ముప్ఫై మార్కులు అని చెప్పాం. "ఇంగ్లిష్ కూడానా?" అంది. ఇంగ్లిష్ కూడా అన్నాం.

ఈ ఆదివారం మేం ఊరికి వస్తున్నాం. ముందు వాళ్ల నాయనతో మాట్లాడతాం. ఆయన కోయలో చెప్తేనే వింటాడు, తెలుగులో చెప్తే ఆఫీసరు మాటలాగా ఉంటదట. తర్వాత సాయంత్రం దాకా బడి దగ్గర చింతచెట్టు కింద ఉంటాం. చర్ల, దుమ్ముగూడెం వైపు టెన్త్, ఇంటర్ అయిన పిల్లలు ఎవరైనా రావొచ్చు. టెన్త్ మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్ జిరాక్సులు ఒక కవర్లో పెట్టుకొని రండి. ఆధార్‌కు ఏ ఫోన్ నెంబర్ లింకై ఉందో ఇంట్లో అడిగి రండి. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి. ఎటపాక, చింతూరు వైపు వాళ్లు ఇక్కడే రాయండి, మా వాడు ఒక్కొక్కరికీ జవాబు ఇస్తాడు.